నేయని బట్ట: చేతి పరీక్షకు లొంగని సరుకు

పత్తి బజారులో అనుభవం గల బ్రోకరుకు నాలుగు వేళ్లు చాలు. బేలులోంచి చిటికెడు దూది లాగి, పింజను రెండు మూడు సార్లు సాగదీసి, పొడవు ఇంత, బలం ఇంత అని చెప్పగలడు. నూలు వర్తకుడు పోగు తెంపి చూస్తాడు. గుడ్డల వర్తకుడు బట్టను నలిపి, వెలుతురుకు ఎత్తి చూస్తాడు. వర్తకం తరతరాలుగా ఈ చేతి విద్య మీదనే నడిచింది. కాగా, ఇప్పుడు అవే గోదాములలో చుట్టలు చుట్టలుగా దిగుతున్న మరొక సరుకు ఈ విద్యకు లొంగడం లేదు.

అదే నాన్ వోవెన్, అనగా నేయని బట్ట. తెల్లని చుట్టలు నాలుగు పక్కపక్కన పెట్టితే ఒకటి ముఖ కవచానికి పనికి వచ్చేది కావచ్చు, ఒకటి అరటి గెలకు తొడిగేది కావచ్చు, ఒకటి పసిపిల్లల డయాపరు పైపొర కావచ్చు, ఒకటి దుకాణం సంచికి పోయేది కావచ్చు. రంగు ఒకటే. ముడిసరుకు ఒకటే, పాలీప్రొపిలీన్. కొన్ని రకాలలో తూకం కూడా ఒకటే. పనిలోను, ధరలోను మాత్రం వాటికి పొంతన లేదు. ఒకదానికి బదులు మరొకటి వస్తే కొన్నవాడికి ఆ సంగతి తెలిసేది సరుకు వాడిన తరువాతనే.

కనుక నమూనా చూసి, కిలో ధర మాట్లాడి, మాట మీద బేరం ముగించే పద్ధతి ఈ సరుకుకు చెల్లదు. పరీక్ష చీటీ మీద బేరం చేసే పద్ధతికి వర్తకులు, బ్రోకర్లు మారవలసి ఉన్నది. మారకపోతే నష్టపోయేది మిల్లు కాదు, పెద్ద కొనుగోలుదారు కాదు. ఆ ఇద్దరికీ మధ్యనున్న వర్తకుడే.

మగ్గం లేని బట్ట

నేత బట్ట కావాలంటే పత్తిని ఏకి, నూలు వడికి, పడుగు పోసి, గంజి పెట్టి, మగ్గం మీద పేకతో కలపాలి. నేయని బట్టలో ఈ మెట్లు ఏవీ ఉండవు. పీచును పొరగా పరచి, ఆ పొరను సూదులతో గుచ్చిగాని, వేడితో అంటించిగాని, నీటి ధారలతో పెనవేసిగాని, జిగురుతో పట్టించిగాని నేరుగా బట్ట చేస్తారు. నూలు మిల్లు, మగ్గం రెండూ తప్పిపోవడంతో ఖర్చు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. గొర్రె ఉన్నిని తడిపి, నలిపి, ఒత్తి చేసే ఫెల్టు అతి పురాతనమైనది. కాశ్మీరు నమ్దా ఆ కోవలోనిదే. తెలంగాణలో దక్కనీ గొర్రె ఉన్నితో చేసే గొంగడి ఇందుకు భిన్నం. దానిలో ఉన్ని వడకడమూ ఉన్నది, మగ్గమూ ఉన్నది. రెండూ ఉన్నివే అయినా ఒకటి నేసినది, మరొకటి నేయనిది.

నేటి వర్తకంలో ముఖ్యంగా నాలుగు రకాలు కనిపిస్తాయి. ముళ్లున్న సూదులతో పీచు పొరను వేలసార్లు గుచ్చి చేసేది నీడిల్ పంచ్. రోడ్ల కింద పరచే జియోటెక్స్‌టైల్, కార్లలో వేసే తివాచీ, ఫ్యాక్టరీలలో దుమ్ము పట్టే ఫిల్టరు సంచి దీనితో తయారవుతాయి. సన్నని నీటి ధారలను అధిక ఒత్తిడితో కొట్టి పీచును పెనవేసేది స్పన్ లేస్. తడి రుమాళ్లు, ముఖం తుడిచే దూది బిళ్లలు ఇందులోవి. ప్లాస్టిక్ గుళికలను కరిగించి, దారాలుగా తీసి, అక్కడికక్కడే పరచి వేడి రోలర్ల మధ్య అంటించేది స్పన్ బాండ్. సంచులు, ఆసుపత్రి గౌన్లు, పంట కప్పులు ఎక్కువగా దీనివే. కరిగిన ప్లాస్టిక్‌ను వేడిగాలి ధాటితో చెదరగొట్టి, వెంట్రుక కంటె ఎన్నోరెట్లు సన్నని పీచుగా మార్చేది మెల్ట్ బ్లోన్. వడపోతకు ఇదే ప్రాణం. రెండు స్పన్ బాండ్ పొరల మధ్య మెల్ట్ బ్లోన్ పొరను ఇరికించినదానినే బజారులో ఎస్.ఎం.ఎస్. అంటున్నారు.

పని ముందు, బట్ట తరువాత

ఈ సరుకు చరిత్ర చూస్తే వర్తకులు గ్రహించవలసిన విషయం ఒకటున్నది. దాదాపు ప్రతి రకమూ ఒక ప్రత్యేకమైన పని కోసం పుట్టింది. నేత బట్ట వలె ముందు తయారై, తరువాత పంచకు, చొక్కాకు, దుప్పటికి పంచుకున్నది కాదు.

జర్మనీలో వైన్‌హైమ్ పట్టణంలోని ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ తోలు వ్యాపారంలో పెద్దది. 1930లలో తోలుకు బదులు వాడదగిన పదార్థం కోసం అక్కడ కార్ల్ నోటెబోమ్ ప్రయోగాలు సాగించాడు. కృత్రిమ తోలుకు అడుగు పొరగా పీచు పొరను జిగురుతో పట్టించడం ఆ ప్రయత్నంలో భాగం. 1948లో ఆ సంస్థ దానిని బట్టల లోపలి పొరగా విపణిలోకి తెచ్చింది. చొక్కా కాలరులోను, కోటు లోపల భాగంలోను బక్రం చేసే పనిని ఈ కొత్త పొర అందుకున్నది. నేలను, గిన్నెలను తుడిచే విలేడా గుడ్డ కూడా ఆ ఇంటిదే. 'తోలు వంటిది' అనే జర్మన్ మాటలనుంచి ఆ పేరు వచ్చింది. తోలు కోసం బయలుదేరిన పని కాలరు పట్టీకి, తుడుపు గుడ్డకు చేరిందన్నమాట.

మెల్ట్ బ్లోన్ కథ మరొక రకం. 1950లలో అమెరికా నౌకాదళ పరిశోధన శాలలో వాన్ వెంటె అనే శాస్త్రవేత్త అతి సన్నని ప్లాస్టిక్ పీచును తయారుచేసే పరికరం రూపొందించాడు. అణు పరీక్షల వలన పై వాతావరణంలో చేరే రేడియో ధార్మిక ధూళిని పట్టే వడపోత కావాలన్నది అప్పటి అవసరం. తరువాత ఎక్సాన్ సంస్థ ఆ పద్ధతిని పాలీప్రొపిలీన్‌తో పెద్ద ఎత్తున ఉత్పత్తికి అనువుగా తీర్చిదిద్దింది. ఆ పొరకు విద్యుదావేశం ఎక్కించే పద్ధతిని 1990లలో టెన్నెసీ విశ్వవిద్యాలయంలో పీటర్ సాయ్ రూపొందించాడు. గాలి ఆడడానికి అడ్డు పెరగకుండానే ధూళిని పట్టే శక్తి అనేక రెట్లు పెరగడం దాని విశేషం. ఎన్-95 ముఖ కవచానికి ఆ ఆవేశమే ఆధారం.

ఫ్రాన్స్‌లో 1970లో నిర్మించిన వాల్‌క్రోస్ మట్టి ఆనకట్టలో నీరు ఊరి బయటికి పోయే కంకర కాల్వ చుట్టూ నేయని పాలియెస్టర్ బట్టను వడపోతగా చుట్టారు. నీరు పోవాలి, మట్టి పోకూడదు అన్నదే షరతు. సంవత్సరాల తరువాత నమూనాలు బయటికి తీసి పరీక్షించగా బట్ట తన పని చేస్తూనే ఉన్నదని తేలింది. మట్టి కట్టడాలలో నేయని బట్ట వాడకానికి ఆ ఆనకట్ట మార్గదర్శకమైంది.

డ్యూపాంట్ సంస్థ టైవెక్ విషయం కొంత వేరు. 1955లో ఆ సంస్థ ప్రయోగశాలలో ఒక గొట్టంనుంచి తెల్లని పాలీ ఇథిలీన్ నూగు రావడం జిమ్ వైట్ అనే పరిశోధకుని కంటపడింది. ఇక్కడ పదార్థం ముందు దొరికింది. అయితే అది అమ్మకపు సరుకు కావడానికి 1967 వరకు ఆగవలసి వచ్చింది. చిరగని కవరు, ఇంటి గోడకు చుట్టే పొర, రసాయనాల నుంచి కాపాడే దుస్తు అంటూ పని తేలిన మీదటనే దానికి ధర ఏర్పడింది.

వీటన్నింటి సారం ఒక్కటే. నేయని బట్టకు విలువ దాని రూపంలో లేదు, అది చేయవలసిన పనిలో ఉన్నది. ఆ పని పేరు చెప్పకుండా 'తెలుపు, ఇన్ని గ్రాములు, కిలో ఇంత' అని ధర అడగడం, రోగం చెప్పకుండా మందు ధర అడగడం వంటిది.

తూకం చెప్పేది ఎంత?

ఈ వర్తకంలో ప్రధానమైన కొలత జి.ఎస్.ఎం., అనగా చదరపు మీటరుకు గ్రాములు. కస్టమ్స్ సుంకాల పట్టికలో సైతం 5603 శీర్షిక కింద నేయని బట్టను తూకాన్ని బట్టే విభజించారు. 25 గ్రాముల వరకు ఒకటి, 25 దాటి 70 వరకు ఒకటి, 70 దాటి 150 వరకు ఒకటి, 150 పైన ఒకటి. కనుక వర్తకులు గ్రాములు అడగడంలో తప్పు లేదు. తప్పు అక్కడితో ఆగిపోవడంలో ఉన్నది.

ముందుగా గ్రాముల లెక్కనే చూద్దాం. ఒక సంచికి పావు చదరపు మీటరు బట్ట పడుతుందనుకుంటే, 60 గ్రాముల బట్టతో సంచి తూకం 15 గ్రాములు. కిలోకు 66 సంచులు వస్తాయి. అదే బట్ట 50 గ్రాములదైతే సంచి తూకం పన్నెండున్నర గ్రాములు. కిలోకు 80 సంచులు. 60 అని చెప్పి 50 పంపినవాడు ప్రతి కిలో మీద 14 సంచులు మిగుల్చుకుంటాడు. కిలో లెక్కన కొని సంచి లెక్కన అమ్మేవాడికి ఈ తేడా లాభంగా కనిపిస్తుంది. సంచి లెక్కన కొన్నవాడికి అది నష్టం. అధికారి పట్టుకుంటే మాత్రం ఆ నష్టం ఇద్దరిదీ అవుతుంది.

ఈ మోసం పట్టుకోవడం తేలిక. కొలిచి కోసిన ముక్క, గ్రాములో వందోవంతు చూపించే త్రాసు ఉంటే చాలు. అసలు చిక్కు తూకం సరిగ్గా ఉండి కూడా సరుకు చెడిన సందర్భాలలో ఉన్నది. అటువంటివి ముఖ్యంగా నాలుగు.

మొదటిది సున్నపు పొడి. పాలీప్రొపిలీన్‌లో కాల్షియం కార్బొనేట్ కలిపిన గుళికలను ఫిల్లరుగా వాడడం పరిశ్రమలో ఉన్నదే. కొద్దిగా కలపడం తప్పు కాదు, తెలిపి అమ్మితే మోసమూ కాదు. కాని ఆ పొడి పాలీప్రొపిలీన్ కంటె దాదాపు మూడు రెట్లు బరువు. అది ఎక్కువైన కొద్దీ గ్రాములు నిలుస్తాయి, దారం బలం తగ్గుతుంది. సంచి త్రాసులో నెగ్గి, బియ్యం పోసినప్పుడు పిడి దగ్గర చిరుగుతుంది.

రెండవది ఎండ. పాలీప్రొపిలీన్ ఎండ వేడిమికి, అతినీల కిరణాలకు పెళుసెక్కి పొడి అవుతుంది. పంట కప్పులకు, అరటి గెలల తొడుగులకు వాడే పలుచని బట్టలో దీనిని అడ్డుకునే మందు కలపాలి. కలిపిన బట్టకు, కలపని బట్టకు కంటికి తేడా లేదు. కలపనిది కొన్న రైతు గెల కోతకు రాకముందే తొడుగు చినిగి చేతికి వస్తుంది. అతడు మిల్లును వెతుక్కుంటూ పోడు. అమ్మిన దుకాణం మెట్లే ఎక్కుతాడు.

మూడవది నీటి గుణం. పాలీప్రొపిలీన్ సహజంగా నీటిని పీల్చదు. డయాపరు పైపొరకు నీరు వెంటనే దిగాలి కనుక దానికి వేరే పూత పూస్తారు. గౌనుకు అదే గుణం పనికిరాదు, ద్రవం లోపలికి దిగకూడదు. ఒక చుక్క నీరు వేసి చూస్తే కొంత తెలుస్తుంది. ఎంత ఒత్తిడి వరకు ఆగుతుంది, ఎన్నిసార్లు తడిస్తే పూత పోతుంది అన్నవి చుక్కతో తెలియవు.

నాలుగవది విద్యుదావేశం. ఆవేశం ఉన్న మెల్ట్ బ్లోన్, లేని మెల్ట్ బ్లోన్ చూపుకు, తూకానికి, స్పర్శకు ఒకటే. వడపోతలో మాత్రం ఒకటి కవచం, మరొకటి ముసుగు.

2020 చెప్పిన పాఠం

2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ఈ నాలుగవ అంశమే ప్రపంచాన్ని కుదిపింది. మెల్ట్ బ్లోన్ బట్టకు హఠాత్తుగా కొరత ఏర్పడి, ధరలు అనేక రెట్లు పెరిగాయి. జనవరి 31న కేంద్ర ప్రభుత్వం ముఖ కవచాల ఎగుమతిని నిలిపివేసింది. తరువాతి నెలలలో వాటి బట్ట ఎగుమతి మీద కూడా ఆంక్షలు వచ్చాయి. అంతవరకు ఈ సరుకు పేరు వినని వారు సైతం చుట్టలు కొని అమ్మారు. యంత్రాలు తెప్పించారు. గిరాకీ తగ్గగానే ధరలు పడిపోయాయి. అధిక ధరకు సరుకు పట్టుకున్న వారి చేతులు కాలాయి.

ఆ సమయంలోనే మరొక సంగతి జరిగింది. వైద్య సిబ్బంది ధరించే పూర్తి దేహ కవచాల కోసం కోయంబత్తూరులోని దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘం, అనగా సిట్రా, కృత్రిమ రక్తం లోపలికి దిగుతుందో లేదో చూసే పరీక్ష నిర్వహించింది. నెగ్గిన నమూనాకు ప్రత్యేకమైన ధ్రువీకరణ సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్య లేని కవచానికి ప్రభుత్వ కొనుగోలులో చోటు లేదు. దేశంలో అంతవరకు లేనంత తొందర, లేనంత కొరత ఉన్న రోజులలో సైతం పరీక్ష చీటీ లేనిదే సరుకు కదలలేదు. అంత ఒత్తిడిలో సాధ్యమైనది మామూలు రోజులలో ఎందుకు సాధ్యం కాదన్నది వర్తక సంఘాలు తమను తాము ప్రశ్నించుకోవలసిన విషయం.

ప్లాస్టిక్ సంచికి బట్ట పేరు

సంచుల వర్తకంలో ప్రమాదం ఇంకా దగ్గరగా ఉన్నది. చూపుకు బట్ట వలె ఉండడంతో ఈ సంచిని చాలా దుకాణాలలో 'బట్ట సంచి' అనే అమ్ముతున్నారు. చట్టం దృష్టిలో అది ప్లాస్టిక్. 2021లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ఆ సంవత్సరం సెప్టెంబరు 30 నుంచి నేయని ప్లాస్టిక్ సంచి 60 గ్రాములకు తగ్గరాదు. తమిళనాడు అంతకుముందే, 2019 జనవరి 1 నుంచి అమలు చేసిన నిషేధపు జాబితాలో నేయని సంచులను చేర్చింది. సరిహద్దు దాటి సరుకు పంపే చిత్తూరు, తిరుపతి వర్తకులకు ఈ తేడా ముఖ్యమైనది.

పన్ను విషయంలోను ఇదే గందరగోళం నడిచింది. ఈ సంచి ప్లాస్టిక్ వస్తువుల శీర్షికలోకి వస్తుందా, జౌళి శీర్షికలోకి వస్తుందా అన్న వివాదం మీద 2018 డిసెంబరు 31న ఒక వివరణ వెలువడింది. నేసిన, నేయని పాలీప్రొపిలీన్ సంచులు ప్లాస్టిక్ శీర్షికలోవేనని అందులో చెప్పారు. 2020 జనవరి 1 నుంచి రెండు శీర్షికలలోని ఇటువంటి సంచులకు 18 శాతం రేటు అమలులోకి తెచ్చారు. బట్ట అనుకొని తక్కువ రేటు వేసిన వారు ఆ మధ్యకాలంలో ఎదుర్కొన్న చిక్కులు వర్తకులకు తెలియనివి కావు. పేరు ఒకటి, సరుకు మరొకటి అయినప్పుడు చివరికి లెక్క చెప్పవలసినది బిల్లు వేసినవాడే.

నమ్మకం మాట ఏమిటి?

పరీక్ష చీటీ మాట ఎత్తగానే బజారులో మూడు అభ్యంతరాలు వినబడతాయి. ఈ వర్తకం నమ్మకం మీద నడుస్తున్నదని ఒకటి. రెండు వందల కిలోలు కొనే సంచుల కుట్టుపనివారు పరీక్ష ఖర్చు భరించలేరని మరొకటి. చీటీలను కూడా కల్పించవచ్చునని ఇంకొకటి. మూడింటిలోను కొంత నిజం ఉన్నది.

నమ్మకం విషయంలో పత్తి వర్తకమే సమాధానం చెప్తుంది. పింజ లాగి చూసే విద్యకు పుట్టినిల్లయిన ఆ బజారులో నేడు పొడవు, బలం, మైక్రోనేరు అంకెలను యంత్రం చెప్తున్నది. మిల్లులు ఆ అంకెలను చూసే ధర కడుతున్నాయి. అందువలన బ్రోకరు పని పోలేదు. ఏ అంకె ఏ మిల్లుకు కావాలో తెలిసిన బ్రోకరుకు విలువ పెరిగింది. చీటీ వచ్చినచోట నమ్మకం అవసరం తీరిపోదు. తగాదా వచ్చినప్పుడు నమ్మకాన్ని నిలబెట్టే సాక్ష్యం దొరుకుతుంది.

ఖర్చు విషయంలో చిన్నవారి మాట న్యాయమైనదే. ప్రతి చుట్టకూ ప్రయోగశాల అక్కరలేదు. గ్రాములు చూడడానికి త్రాసు చాలు. ఫిల్లరు ఎంత ఉన్నదో చూడడానికి తూచిన ముక్కను కొలిమిలో కాల్చి మిగిలిన బూడిద తూచవచ్చు. వట్టి పాలీప్రొపిలీన్‌కు బూడిద దాదాపు మిగలదు, సున్నపు పొడి మిగిలిపోతుంది. చిరుగు బలానికి ఒక చిన్న యంత్రం. ఈ మూడింటినీ ఒక్కొక్క దుకాణం పెట్టుకోలేకపోవచ్చు, ఒక ఊరి వర్తక సంఘం పెట్టుకోగలదు. వేబ్రిడ్జిని పది మంది కలిసి వాడుకున్నట్టే దీనినీ వాడుకోవచ్చు. పెద్ద పరీక్షలకు జాతీయ కేంద్రాలు ఉన్నాయి. జియోటెక్స్‌టైల్‌కు ముంబయిలోని బిట్రా, వైద్య వస్త్రాలకు కోయంబత్తూరులోని సిట్రా, నేయని బట్టకు ఇచల్‌కరంజిలోని డి.కె.టి.ఇ. సంస్థ పేరు పొందినవి. ఇవేవీ తెలుగు రాష్ట్రాలలో లేకపోవడం లోటే. సంఘాలు ఒత్తిడి తేవలసినది సుంకాల రాయితీల కోసమే కాదు, ఇటువంటి కేంద్రం ఒకటి ఇక్కడ రావడం కోసం కూడా.

ఇక దొంగ చీటీల భయం. చీటీ మీద చుట్ట సంఖ్య, లాటు సంఖ్య ఉండి, అమ్మకందారు సంతకం చేసిన నమూనా ముక్క ఒకటి ఇరువురి వద్దా సీలు వేసి ఉంటే అబద్ధం ఆడడం కష్టమవుతుంది. పత్తిలో, మిర్చిలో సీలు వేసిన నమూనా ఏమిటో తెలిసిన వర్తకులకు ఇది కొత్త పాఠం కాదు.

ఇక్కడి సరుకుకు ఉన్న అవకాశం

ఈ మార్పు వలన తెలుగు జిల్లాల వర్తకులకు భయం కంటె లాభమే ఎక్కువ ఉన్నది. నూలు మిల్లులలో పత్తిని దువ్వేటప్పుడు రాలే పొట్టి పీచును కోంబర్ నాయిల్ అంటారు. వ్యర్థం అనే పేరుతో అమ్ముడయ్యే ఈ పీచును శుద్ధి చేసి, తెలుపు చేసి స్పన్ లేస్ తయారీకి వాడతారు. దూది బిళ్లలకు, తడి రుమాళ్లకు, శస్త్రచికిత్స వస్త్రాలకు ఇది తగిన ముడిసరుకు. ప్లాస్టిక్ పీచు లేని రుమాలు కావాలనే కొనుగోలుదారులకు పత్తి సమాధానం. గుంటూరు ప్రాంతపు మిల్లులకు, ఆదిలాబాద్, వరంగల్, ఆదోని పత్తి బజారులకు ఇది దగ్గరి విషయం.

అయితే ఈ కొనుగోలుదారు అడిగే ప్రశ్నలు వేరు. పీచు పొడవు ఎంత, గింజ పొట్టు ఎంత, శుద్ధి చేసిన తరువాత ఎన్ని సెకన్లలో నీటిలో మునుగుతుంది, రంగు దారాలు, ప్లాస్టిక్ గోనె పీలికలు ఉన్నాయా అని అడుగుతాడు. పత్తి ఏరి ప్లాస్టిక్ గోనెలో నింపినప్పుడు కలిసిన పీలిక, ముఖం తుడిచే తెల్లని బిళ్లలో నీలి చుక్కగా తేలుతుంది. ఆ ప్రశ్నలకు చీటీ మీద జవాబు చెప్పగలిగిన వర్తకుడికి వ్యర్థం కాస్తా సరుకు అవుతుంది. చెప్పలేనివాడికి వ్యర్థంగానే మిగులుతుంది.

రోడ్ల సంగతి కూడా ఇటువంటిదే. పత్తి పండే నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద వేసిన రోడ్డు కంకర బురదలోకి దిగకుండా మధ్యలో జియోటెక్స్‌టైల్ పరచడం ఇంజనీర్లకు తెలిసిన పద్ధతి. కేంద్ర రహదారుల శాఖ ప్రమాణాల గ్రంథంలో 700వ విభాగం వీటికే కేటాయించారు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర జౌళి శాఖ 19 రకాల జియోటెక్స్‌టైల్స్ మీద నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది. 2020 ఫిబ్రవరిలో ఆమోదించిన జాతీయ సాంకేతిక వస్త్రాల మిషన్‌కు 1480 కోట్ల రూపాయలు కేటాయించారు. ఈ పనులలో సరుకు అమ్మాలంటే తన్యత బలం, రంధ్రాల పరిమాణం, నీరు దిగే వేగం అంకెలలో చూపాలి. అంకెలు లేని వర్తకుడిని గుత్తేదారు గుమ్మంలోకి రానివ్వడు.

ఒప్పందంలో ఉండవలసినవి

ఆసుపత్రులకు, డయాపర్లకు సరుకు కొనే పెద్ద సంస్థలు మిల్లులతో నేరుగా బేరాలు కుదుర్చుకోగలవు. అంకెలలో మాట్లాడే అమ్మకందారు వారికి కావాలి. అటువంటి వర్తకుడు బజారులో దొరకకపోతే ఆ బేరాలు బజారుకు రానే రావు. అప్పుడు బజారుకు మిగిలేది సంచుల గుడ్డ. సంచుల మీద నిబంధనలు ముందుకే గాని వెనుకకు పోయే సూచన లేదు. మధ్యవర్తి స్థానం నిలవాలంటే పైతరగతి సరుకులోకి పోక తప్పదు. అందుకు దారి చీటీయే.

ఇకపై ప్రతి ఒప్పందంలో కనీసం ఈ మాటలు రాసుకోవడం వర్తకులకు క్షేమం. సరుకు ఏ పనికి. ఏ పద్ధతిలో తయారైనది. ఏ పీచు, ఫిల్లరు ఎంత శాతం. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు, హెచ్చుతగ్గులు ఎంతవరకు ఒప్పుదల. నిడివి వైపు బలం ఎంత, అడ్డం వైపు బలం ఎంత. ఎండ మందు, నీటి పూత, విద్యుదావేశం ఉన్నవా లేవా. తగాదా వస్తే ఏ ప్రయోగశాల మాట చెల్లుతుంది. ఇవన్నీ కలిపి పది వరుసలు మించవు. బిల్లు వెనుక రాసినా సరిపోతుంది.

మొదటి అడుగు వర్తక సంఘాలే వేయాలి. ఒక త్రాసు, ఒక కొలిమి, ఒక బలం చూసే యంత్రం, సీలు వేసిన నమూనాలు దాచే బీరువా ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఒక్క లారీ సరుకు వెనక్కి వస్తే పోయే కిరాయి, వడ్డీ, పరువు లెక్క వేసుకున్నవారికి ఇది పెద్ద ఖర్చుగా తోచదు.